ఫోంటానా సరస్సు, చుట్టూ మలుపుల దారులు

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రానికి పడమటి కొసన, గ్రేట్ స్మోకీ కొండల దక్షిణపు వాలు కింద, లిటిల్ టెనెసీ నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట ఫోంటానా. దాని వెనక నిలిచిన నీరే ఫోంటానా సరస్సు. ఆనకట్ట కట్టేటప్పుడు పనివాళ్ల కోసం వేసిన ఊరే ఇవాళ ఫోంటానా విలేజ్ అనే వేసవి విడిది. అక్కడి నుంచి 28వ నంబరు రాష్ట్ర రహదారి మీద పడమరగా సుమారు పది మైళ్లు వెళితే డీల్స్ గ్యాప్ అనే కనుమ వస్తుంది. అమెరికాలో మోటార్‌సైకిల్ నడిపేవాళ్లలో ఆ పేరు వినని వాళ్లు తక్కువ. కనుమ దగ్గర మొదలై టెనెసీ వైపు దిగే యూఎస్ 129 రహదారిలో 11 మైళ్లకు, అంటే దాదాపు 18 కిలోమీటర్లకు, 318 మలుపులని లెక్క. ఆ ముక్కకు పడిన పేరు ‘టెయిల్ ఆఫ్ ద డ్రాగన్’. డ్రాగన్ తోక.

ఈ ప్రాంతం గురించి అచ్చయ్యే ప్రయాణ కరపత్రాలన్నీ అందం గురించే చెబుతాయి. అందానికేం లోటు లేదు. కానీ ఇక్కడ పర్యాటకులు డబ్బిచ్చి చూసేవాటిలో పర్యాటకుల కోసం కట్టినవి బహు కొద్ది. సరస్సు యుద్ధ అవసరానికి పుట్టింది. విడిది కూలీల క్యాంపు. కొంచెం దిగువన ఉన్న మరో లాడ్జి అల్యూమినియం కంపెనీ తన మనుషుల కోసం కట్టుకున్నది. డ్రాగన్ రోడ్డు పక్కన ఒక్క ఇల్లూ కనపడకపోవడానికి కారణం, అక్కడ ఇల్లు కట్టుకోవడానికి ఎవరికీ జాగా లేకపోవడం. చుట్టుపక్కల దారుల్లో, చూసి ఆనందించడానికని పనిగట్టుకుని వేసినవి ఒకటి రెండే.

యుద్ధం కట్టిన సరస్సు

ఫోంటానా పని 1942 జనవరి 1న మొదలైంది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి అప్పటికి నెల కూడా తిరగలేదు. విమానాలకు అల్యూమినియం కావాలి. అల్యూమినియం తీయడానికి అంతులేని కరెంటు కావాలి. కొండలకు అవతల టెనెసీలో ఆల్కోవా కంపెనీ కర్మాగారం, దాని పేరుతోనే ఒక పట్టణం ఉన్నాయి. ఆ కంపెనీ లిటిల్ టెనెసీ మీదా, దాని ఉపనది మీదా అప్పటికే చియోవా (1919), శాంటీట్లా (1928), కాల్డర్‌వుడ్ (1930) డ్యాములు కట్టుకుంది. ఫోంటానా స్థలం కూడా దాని చేతిలోదే. దాన్ని ప్రభుత్వ సంస్థ టెనెసీ వ్యాలీ అథారిటీకి, అంటే టీవీఏకి, అప్పగించింది.

టీవీఏను అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1933లో స్థాపించాడు. మన దేశంలో 1948లో ఏర్పడిన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కు నమూనా ఇదే. దామోదర్ పథకానికి తొలి రూపం ఇచ్చిన వూర్డ్విన్ టీవీఏ ఇంజనీరు. ‘నదీలోయ పథకం’ అన్న ఆలోచన మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది ఒక రకంగా ఈ కొండల మీదుగానే.

రేయింబవళ్లు మూడు షిఫ్టుల్లో, రాత్రి దీపాల వెలుగులో పని నడిచింది. 1944 నవంబరులో గేట్లు మూశారు, 1945 జనవరికల్లా కరెంటు వచ్చింది. మూడేళ్లు. ఎత్తు 480 అడుగులు, అంటే 146 మీటర్లు. శ్రీశైలం డ్యామ్ 145 మీటర్లు. ఆ గోడ మీద నిలబడి పాతాళగంగ వైపు తొంగిచూసినవాళ్లకు ఫోంటానా ఎంత లోతో వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో రాకీ పర్వతాలకు తూర్పున ఇంతకంటే ఎత్తయిన డ్యామ్ లేదు. వరద నీరు పోవడానికి గట్టు రాతిలోంచి 34 అడుగుల వ్యాసంతో రెండు సొరంగాలు తొలిచారు. వాటి చివర గిన్నెలాంటి కట్టడం ఉంటుంది. నీళ్లు దాన్ని తాకి గాల్లోకి ఎగిరి, వేగం చచ్చి, నదిలో పడతాయి.

పనివాళ్ల క్యాంపు క్యాంపులా ఉండలేదు. ఇళ్లు, బడి, ఆస్పత్రి, సినిమా హాలు అన్నీ ఉన్న ఊరైంది. డ్యామ్ అయిపోయాక ఆ ఊరిని ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. యుద్ధం ముగిసింది, పెట్రోలు రేషన్ ఎత్తేశారు, కార్లున్న కుటుంబాలు వేసవికి ఎక్కడికి పోదామా అని చూస్తున్నాయి. 1946లో క్యాంపు విడిదిగా మారింది. కూలీలు ఉన్న చిన్న చిన్న ఇళ్లే కాటేజీలయ్యాయి. లాడ్జి, పడవల రేవు, ఈత కొలను తర్వాత చేరాయి. ఇప్పుడు వరండాలో కూర్చుని కాఫీ తాగేవాళ్ల బైకులు నిలబడే చోట, ఒకప్పుడు షిఫ్టు మారే సైరన్ వినపడేది.

ఎక్కడికీ పోని రోడ్డు

నీళ్లు నిలవడానికి 1,300కు పైగా కుటుంబాలు ఊళ్లు వదిలాయి. జడ్సన్, బుష్‌నెల్, ఫోర్నీ, పాత ఫోంటానా మునిగాయి. వెయ్యికి పైగా సమాధులను తవ్వి వేరేచోటికి మార్చారు. ఈ లోయల్లో ఊళ్లు ఖాళీ చేయించడం 1942తో మొదలైందీ కాదు. 1838లో చెరొకీ జాతి వాళ్లను సైన్యం ఇక్కణ్నుంచే పడమటికి తరిమింది. వాళ్ల నాయకుడు జునలస్కా తర్వాత తిరిగి వచ్చి ఇక్కడే కన్నుమూశాడు. ఆయన సమాధి గ్రాహం కౌంటీ కేంద్రమైన రాబిన్స్‌విల్‌లో ఉంది.

సరస్సు ఉత్తరపు ఒడ్డున పాత 288వ నంబరు రోడ్డు ఉండేది. అదీ మునిగింది. ఆ ఒడ్డున మిగిలిన పల్లెలకు వేరే దారి లేదు. యుద్ధకాలంలో కొత్త రోడ్డు వేయడానికి సామగ్రీ లేదు. దాంతో అక్కడి సుమారు 44,000 ఎకరాలను కొని గ్రేట్ స్మోకీ జాతీయ పార్కులో కలిపేశారు. యుద్ధం అయ్యాక ఒడ్డు వెంబడి రోడ్డు వేసిస్తామని, కనీసం పెద్దల సమాధుల దగ్గరికైనా పోయిరావచ్చని 1943లో ఒప్పందం రాసుకున్నారు. బ్రైసన్ సిటీ వైపు నుంచి ఆరేడు మైళ్ల రోడ్డు పడింది. కొండలోంచి 1,200 అడుగుల సొరంగం కూడా తొలిచారు. అక్కడితో ఆగింది. ఆ కొండ రాయి తవ్వితే ఆమ్లం ఊరి వాగుల్లో కలుస్తుందన్నది పనికి అడ్డుపడ్డ కారణాల్లో ఒకటి. మాట తప్పారని ఊరి జనం దానికి ‘రోడ్ టు నోవేర్’ అని పేరు పెట్టారు. ఎక్కడికీ పోని రోడ్డు.

2010లో రోడ్డుకు బదులు ఆ ఒడ్డున్న స్వెయిన్ కౌంటీకి 5.2 కోట్ల డాలర్లు ఇచ్చేలా రాజీ కుదిరింది. చివరి వాయిదా చేతికి అందేసరికి 2018 వచ్చింది.

రోడ్డు లేదు గనక ఇప్పటికీ వేసవిలో కొన్ని ఆదివారాలు పార్కు సిబ్బంది ఆ కుటుంబాల వారసులను పడవల మీద సరస్సు దాటిస్తారు. సమాధుల మీద ఆకులు ఊడ్చి, మట్టి పోగుచేసి, పూలు పెట్టి, పాటలు పాడి, తెచ్చుకున్న భోజనం అక్కడే కలిసి తిని సాయంత్రం తిరిగొస్తారు. దీన్ని ‘డెకరేషన్ డే’ అంటారు. అదే రోజు అదే నీళ్ల మీద పర్యాటకుల మోటారు పడవలూ తిరుగుతుంటాయి.

వేసవి

జలాశయం వేసవి కోసం కట్టింది కాకపోయినా వేసవికే అందంగా ఉంటుంది. దానికి లెక్క ఉంది. దిగువ ఊళ్లను వరద నుంచి కాపాడ్డానికి టీవీఏ చలికాలంలో సరస్సును ఖాళీగా ఉంచుతుంది. వసంతం వానలకు నింపుకుంటూ వస్తుంది. జూన్ నాటికి నిండుతుంది. మామూలు ఏడాదిలో వేసవి మట్టానికీ చలికాలపు మట్టానికీ తేడా 50 అడుగుల పైమాటే. జనవరిలో వచ్చినవాడికి ఒడ్డు పొడుగునా ఎర్రమట్టి పట్టీ కనిపిస్తుంది. జూలైలో వచ్చినవాడికి చెట్ల కాళ్లు తడుపుతూ నీళ్లు కనిపిస్తాయి. సుమారు 240 మైళ్ల తీరం ఉన్నా దాని చుట్టూ ఊళ్లు, హోటళ్లు లేవు. ఉత్తరాన పార్కు, దక్షిణాన చాలావరకు నాంటహాలా జాతీయ అటవీ భూమి. ఒక్కో వాగు మొగలోకి పడవ పోనిస్తే అరగంట సేపు మనిషి అలికిడి వినపడదు.

అప్పలేచియన్ ట్రైల్ అనే కాలిబాట ఈ డ్యామ్ మీదుగానే పోతుంది. జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా 2,190 మైళ్లకు పైగా సాగే ఆ బాటను ఒకే విడతలో నడిచేవాళ్లు వసంతంలో ఇక్కడికి చేరతారు. డ్యామ్ పక్కన వాళ్ల కోసం చెక్క బల్లల నిద్ర గూడు ఒకటి ఉంది. దగ్గర్లోనే వేణ్నీళ్ల స్నానం దొరుకుతుంది. వారాల తరబడి స్నానం ముఖం చూడని నడకగాళ్లు ఆ గూడుకు పెట్టిన పేరు ‘ఫోంటానా హిల్టన్’.

వేసవి అంటే ఇక్కడ మన మే నెల కాదు. లోయలో పగలు 30 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఉక్కగా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పట్టుకోవడం రివాజు. ఎత్తయిన శిఖరాల మీద ఏడాదికి 85 అంగుళాల దాకా వర్షం పడుతుంది. కొండల మీద ఎప్పుడూ కనిపించే నీలిపొగ పొగా కాదు, మంచూ కాదు. చెట్ల ఆకులు విడిచే ఆవిరులు గాలిలో కలిసి వెలుగును చెదరగొట్టడం వల్ల కలిగే రంగు. ‘స్మోకీ’ అన్న పేరు దాని వల్లే వచ్చింది. పార్కులో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం 6,643 అడుగులు. చాలాకాలం క్లింగ్‌మన్స్ డోమ్ అన్నారు. 2024 సెప్టెంబరులో దానికి చెరొకీల పేరు కువోహి తిరిగి పెట్టారు.

మే చివర నుంచి జూన్ మధ్య దాకా పార్కులోని ఎల్క్‌మాంట్ దగ్గర మిణుగురులు ఒకేసారి వెలిగి, ఒకేసారి ఆరిపోతాయి. అడవి మొత్తం కన్ను మూసి తెరిచినట్టు ఉంటుంది. చూసేవాళ్ల తాకిడికి పురుగులు ఏమైపోతాయోనని ఇప్పుడు లాటరీ తీసి మరీ లోపలికి పంపుతున్నారు. అమెరికాలో అందరికంటే ఎక్కువ మంది చూసే జాతీయ పార్కు ఇదే, ఏడాదికి కోటీ ఇరవై లక్షల పైచిలుకు సందర్శనలు. ప్రవేశ రుసుము లేదు. 2023 నుంచి మాత్రం బండి నిలపడానికి చీటీ కొనాలి.

అట్లాంటా, షార్లట్ నగరాల్లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ కొండలు కొత్త కాదు. మెమోరియల్ డే, జూలై 4, లేబర్ డే సెలవులకు నాలుగు కుటుంబాలు కలిసి కేబిన్ అద్దెకు తీసుకుని, రైస్ కుక్కర్, ఆవకాయ సీసా డిక్కీలో పెట్టుకుని బయలుదేరడం మామూలే. అయితే చాలామంది వెళ్లేది కొండలకు ఉత్తరాన ఉన్న గాట్లిన్‌బర్గ్, పిజన్ ఫోర్జ్ వైపు. అక్కడ వాటర్ పార్కులు, మైనపు బొమ్మల హాళ్లు, రాత్రి పదింటిదాకా ట్రాఫిక్. దక్షిణాన ఫోంటానా వైపు అవేవీ లేవు. లేకపోవడమే దాని బలం.

డ్రాగన్ తోక

డీల్స్ గ్యాప్ 1,962 అడుగుల ఎత్తున, రెండు రాష్ట్రాల సరిహద్దు మీద ఉంది. ఒక మోటెల్, పెట్రోలు బంకు, తిండి దొరికే చోటు, టీషర్టుల దుకాణం. శనివారం ఉదయం తొమ్మిదికల్లా ముంగిట్లో బైకులు బారులు తీరతాయి. పెద్ద హార్లేలు, జపాన్ స్పోర్ట్ బైకులు, జర్మనీ టూరింగ్ బళ్లు, అక్కడక్కడ సైడ్‌కార్‌లో కళ్లద్దాలు పెట్టుకున్న కుక్క.

అక్కడొక చెట్టు ఉంది. మొక్కు తీరితే ముడుపు కట్టే చెట్టు మనకు తెలుసు. ఇది తలకిందులు. మలుపులో పడినవాళ్లు తమ బండి నుంచి విరిగిన అద్దం, పగిలిన ఫెయిరింగ్ ముక్క, వంగిన హ్యాండిల్ తెచ్చి దీనికి తగిలిస్తారు. కొందరు వాటి మీద పేరు, తేదీ రాస్తారు. చెట్టుకు ‘ట్రీ ఆఫ్ షేమ్’ అని పేరు, సిగ్గుచెట్టు అనుకోవచ్చు. దాని కింద నిలబడి ఫొటో దిగేవాళ్లు చాలామంది. కొమ్మల వంక చూసి గ్లవుజులు ఇంకాస్త బిగించుకునేవాళ్లూ కనిపిస్తారు.

11 మైళ్లలో 318 మలుపులంటే సగటున 56 మీటర్లకొకటి. అనుమతించిన వేగం గంటకు 30 మైళ్లు. ఆ వేగంతో పోయినా నాలుగు సెకన్లకో మలుపు ఎదురవుతుంది. ఈ మలుపు చివర బైకు లేచి నిలబడక ముందే వచ్చే మలుపుకు రెండోవైపు వాల్చాలి. వేగం మలుపులోకి రాకముందే తగ్గించాలి. చూపు రోడ్డు అంచు మీద కాదు, మలుపు తెరుచుకునే చోట పెట్టాలి. సగం దాటాక మెల్లగా థ్రాటిల్ తిప్పాలి. మలుపు మధ్యలో భయపడి బ్రేకు నొక్కినవాడు, ఎదుటి లేన్‌లోకి జారినవాడు, సిగ్గుచెట్టుకు చందాదారుడు అవుతాడు. కొన్ని మలుపులకు పేర్లున్నాయి. గ్రావిటీ క్యావిటీ అనే చోట రోడ్డు గొయ్యిలోకి దిగి ఎగబాకుతుంది. బ్రేక్ ఆర్ బస్ట్ బెండ్ అంటే బ్రేకు పడాలి, లేదా నువ్వు పడాలి. ఇంకోటి కాపర్‌హెడ్ కార్నర్, అక్కడి విషసర్పం పేరు. కొత్తవాళ్ల ఆట ముగిసే చోటుకు ‘బిగినర్స్ ఎండ్’ అన్నారు.

ఈ రోడ్డును ఇంతమంది వెతుక్కుంటూ రావడానికి మలుపులు ఒక్కటే కారణం కాదు. ఘాట్ రోడ్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఇక్కడి విశేషం ఏమిటంటే, ఈ 11 మైళ్లలో పక్క రోడ్లు వచ్చి కలవవు, ఇంటి గేట్లు తెరుచుకోవు, పాలబండి అడ్డం రాదు. ఒక పక్క జాతీయ పార్కు, ఇంకోపక్క విద్యుత్ కంపెనీ చేతిలో ఉండిపోయిన అడవి. జనం ఉంటే రోడ్డును వెడల్పు చేయమని అడిగేవాళ్లు, వంపులు తీసేసేవాళ్లు. అడిగేవాళ్లు లేక రోడ్డు పాత వంకరతోనే మిగిలింది. బైకులకు స్వర్గమైంది.

పొడుగు లారీలు మలుపు తిరగలేక రెండు లేన్లూ ఆక్రమించి ప్రాణాలు తీస్తున్నాయని, 30 అడుగులు దాటిన వాటిని 2015లో టెనెసీ వైపు నిషేధించారు. రెండు రాష్ట్రాల్లోనూ హెల్మెట్ తప్పనిసరి. సెల్ సిగ్నల్ సరిగా అందదు, పెద్దాసుపత్రి దగ్గర్లో లేదు. శనాదివారాల్లో పోలీసులు మలుపుల చాటున కాపు కాస్తారు. వాళ్ల కంటే ఎక్కువగా ఫొటోలు తీసేవాళ్లు కాపు కాస్తారు. కుర్చీ, గొడుగు, పొడుగు లెన్సు కెమెరా వేసుకుని మలుపు బయటి అంచున కూర్చుని, వెళ్లిన ప్రతి బండినీ పట్టుకుంటారు. సాయంత్రం తేదీ, వేళ, బైకు రంగు చెప్పి ఎవరి ఫొటో వాళ్లు ఇంటర్నెట్‌లో వెతికి కొనుక్కుంటారు. కెమెరా కనపడగానే మామూలు కంటే కాస్త ఎక్కువ వాల్చబోయి పడ్డవాళ్లూ లేకపోలేదు.

కనుమకు దక్షిణంగా అదే 129 మీద కొద్ది మైళ్లు వస్తే చియోవా డ్యామ్ రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. 1993 నాటి ‘ద ఫ్యుజిటివ్’ సినిమాలో హారిసన్ ఫోర్డ్ పోలీసుకు చిక్కకుండా డ్యామ్ మీంచి దూకే దృశ్యం ఇక్కడిదే. అదే సినిమాలో రైలు ప్రమాదం దృశ్యాన్ని ఇదే కొండల్లో డిల్స్‌బోరో దగ్గర నిజం రైలుతో తీశారు. ఆ శకలాలు ఇంకా పట్టాల పక్కనే పడి ఉన్నాయి, విహార రైలు ఎక్కినవాళ్లకు చూపిస్తుంటారు. డ్యామ్‌కు దగ్గర్లోనే, చియోవా నది ఒడ్డున టపోకో లాడ్జి ఉంది. 1930లో ఆల్కోవా అనుబంధ సంస్థ టలాసీ పవర్ కంపెనీ కట్టింది. ఆ మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితేనే ‘టపోకో’.

మిగిలిన దారులు

డీల్స్ గ్యాప్ నుంచి ఫోంటానా వైపు తిరిగే 28వ నంబరు రోడ్డును బైకర్లు ‘హెల్‌బెండర్’ అంటారు. ఈ వాగుల్లో రాళ్ల కింద ఉండే, రెండడుగుల దాకా పెరిగే సలమాండర్ పేరు అది. ఇదే రోడ్డు దక్షిణానికి ఫ్రాంక్లిన్, హైలాండ్స్ మీదుగా పోయేసరికి ‘మూన్‌షైనర్ 28’ అవుతుంది. మూన్‌షైన్ అంటే నాటుసారా. కొండల్లో మొక్కజొన్నతో కాచి, పోలీసుల కంటపడకుండా రాత్రిళ్లు పట్నాలకు చేరవేసిన దారుల్లో ఇదొకటని పేరు. డ్రాగన్ అంత గోల ఇక్కడ లేదు. నిజానికి నాలుగు రోజులు ఉండిపోయేవాళ్లలో చాలామంది డ్రాగన్‌ను ఒకసారి ఎక్కి దిగి, మిగతా రోజులు 28 మీదే తిరుగుతారు. వాళ్లదే తెలివైన ఎంపిక.

చెరోహాలా స్కైవే సంగతి వేరు. చెరొకీ, నాంటహాలా అనే రెండు అడవుల పేర్లు అతికిస్తే వచ్చిన పేరు ఇది. రాబిన్స్‌విల్ నుంచి టెనెసీలోని టెలికో ప్లెయిన్స్ దాకా 43 మైళ్లు, 5,000 అడుగులు దాటి ఎక్కి దిగుతుంది. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1958లో టెలికో ప్లెయిన్స్ పెద్దలు కొందరు సమావేశంలో కూర్చుని, మన రోడ్లు ఎడ్లబళ్లకు తప్ప దేనికీ పనికిరావు అని విసుక్కున్నారట. అయితే బండ్లే కడదాం అన్నారెవరో. ఆ జూలైలో అరవైకి పైగా గూడుబండ్లు, వందలాది గుర్రపు రౌతులు కొండ దాటి నార్త్ కరోలినాలోని మర్ఫీ పట్టణానికి ఊరేగింపుగా వెళ్లారు. పత్రికలు రాశాయి, నాయకులు విన్నారు. రోడ్డు పూర్తయింది మాత్రం 1996లో. ఖర్చు సుమారు పది కోట్ల డాలర్లు.

డ్రాగన్‌లో కళ్లు రోడ్డు దాటి పక్కకు పోవు. చెరోహాలాలో పోనివ్వొచ్చు. మలుపులు పెద్దవి, బారుగా సాగేవి. అంచుల్లో ఆగి చూసే చోట్లు చాలా కట్టారు. పైన హూపర్ బాల్డ్ అనే పచ్చిక బయలు ఉంది. 1912 ప్రాంతంలో ఒక ధనికుడు అక్కడ వేట మైదానం పెట్టి ఐరోపా నుంచి అడవిపందులు తెప్పించాడు. కొన్నేళ్లకు అవి కంచె తెంచుకుని పారిపోయాయి. వాటి సంతతి ఇప్పటికీ పార్కు వాళ్లకు తలనొప్పి. సాయంత్రం వేళ బైకు ముందుకు అడ్డంగా వచ్చేవాటిలో ఎలుగుబంట్లు, జింకలతో పాటు ఈ పందులూ ఉంటాయి.

స్కైవేకు దగ్గరగా జాయిస్ కిల్మర్ స్మారక వనం ఉంది. చెట్ల మీద కవిత రాసి పేరు తెచ్చుకుని, మొదటి ప్రపంచ యుద్ధంలో 1918లో చనిపోయిన కవి పేరిట 1936లో 3,800 ఎకరాల గొడ్డలి తగలని అడవిని అంకితం చేశారు. నాలుగు వందల ఏళ్లు దాటిన ట్యులిప్ పాప్లర్ చెట్లున్నాయి. నలుగురు చేతులు చాచినా కొన్నిటి మొదళ్లు అందవు. హెమ్లాక్ చెట్లను ఒక చిన్న పురుగు తినేసింది. ఎండిన మానులు నడిచేవాళ్ల మీద పడతాయని 2010లో అటవీశాఖ వాటిని కూల్చింది. రంపం గాటు కనపడితే కవి పేరున్న అడవి బాగుండదని, గాలికి విరిగినట్టు కనపడేలా డైనమైట్ పెట్టి పేల్చింది.

డ్రాగన్ అవతలి కొసన, చిల్హోవీ సరస్సు దగ్గర ఫుట్‌హిల్స్ పార్క్‌వే అందుకుంటుంది. 1944లో అనుమతి వచ్చిన రోడ్డు ఇది. వాలాండ్ నుంచి వేర్స్ వ్యాలీ దాకా ఉన్న 16 మైళ్ల భాగం 2018 నవంబరులో గానీ తెరవలేదు. మధ్యలో కొండవాలు నిలవక మైలున్నర పొడుగు ముక్క దశాబ్దాల తరబడి ఆగిపోయింది, చివరికి వంతెనలతో దాటించారు. తూర్పున చెరొకీ పట్టణం దగ్గర బ్లూ రిడ్జ్ పార్క్‌వే దక్షిణపు కొస ఉంది. 469 మైళ్లు, 1935లో మొదలై 1987లో పూర్తయింది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను ఆ రోడ్డును చాలాచోట్ల కోసేసింది. తర్వాత ముక్కలు ముక్కలుగా తెరుస్తూ వచ్చారు. ఆ వైపు వెళ్లేవాళ్లు ఏ భాగం తెరిచి ఉందో ముందే చూసుకుని బయలుదేరడం మంచిది. అదే దారిలో కాస్త పక్కకు, మ్యాగీ వ్యాలీలో ‘వీల్స్ త్రూ టైమ్’ అనే పాత అమెరికన్ మోటార్‌సైకిళ్ల మ్యూజియం ఉంది. అందులోని బళ్లు అద్దాల పెట్టెల్లో ఊరికే నిలబడేవి కావు, చాలావాటిని ఇప్పటికీ కిక్కు కొట్టి నడిపిస్తారు.

ఊరి లెక్కలు

ఈ దారుల్లో చాలావాటికి నడిబొడ్డు గ్రాహం కౌంటీ. 2020 జనగణన ప్రకారం జనాభా 8,030. భూమిలో సగానికి పైగా జాతీయ అడవి, దాని మీద పన్ను రాదు. 2014లో రాబిన్స్‌విల్‌లోని ఫర్నిచర్ కర్మాగారం మూతపడింది. బైకులు రావడం ఆ ఊరికి వేడుక కాదు, బతుకుతెరువు. మోటెళ్ల ముందు బండి తుడుచుకోవడానికి పాత గుడ్డలు పెడతారు, స్టాండ్ తారులో దిగబడకుండా చెక్క ముక్కలు ఇస్తారు. సంపాదన మాత్రం ఏప్రిల్ నుంచి అక్టోబరు చివర ఆకులు రంగు మారేదాకా. ఆ తర్వాత చాలా బోర్డులు తిరగేస్తారు.

వంకర రోడ్లు చూడ్డానికి వచ్చేవాళ్లకు ముచ్చటే. పురిటినొప్పులు పడే మనిషిని కొండ దాటించాల్సిన వాళ్లకు కాదు. అందుకే రాబిన్స్‌విల్ నుంచి స్టెకోవా వైపు మెరుగైన దారి కావాలని ఆ కౌంటీ దశాబ్దాలుగా అడిగింది. ‘కారిడార్ కె’ పేరుతో ఆ పని 2022లో మొదలైంది. స్టెకోవా కనుమ దగ్గర కాలిబాట నడకగాళ్లు రోడ్డు మీద నుంచి దాటేలా మట్టి కప్పిన వంతెన కూడా అందులో భాగం. డ్రాగన్ జోలికి మాత్రం ఎవరూ పోవడం లేదు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. చెరోహాలా ఎక్కే ముందు ట్యాంకు నింపుకోండి, 43 మైళ్లలో బంకు లేదు, హోటల్ లేదు. డ్రాగన్‌కు శనాదివారాలు కాకుండా వారం మధ్యలో, పొద్దున్నే వెళ్లండి. సాయంత్రం ఖాళీ ఉంటే బైకును ఫోంటానా డ్యామ్ అవతల రోడ్డు ఆగిపోయే చోట నిలిపి, లేక్‌షోర్ ట్రైల్ మీద గంటో గంటన్నరో నడవండి. ఆ బాట కొంతదూరం పాత 288 రోడ్డే. చెట్ల మధ్య 1930ల నాటి కార్లు రెండు మూడు తుప్పు పట్టి కూలబడి కనిపిస్తాయి. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క ఊరు ఖాళీ చేసినవాళ్లు వదిలేసి పోయారంటారు. వాటి కిటికీల్లోంచి ఇప్పుడు మొక్కలు పెరిగాయి.